స్క్రూ తిప్పడం ఆఖరి పని: ఇంట్లోనే థ్రాటిల్ బాడీల సింక్

ఇల్లు కట్టే చోట తాపీమేస్త్రీ దగ్గర పొడవాటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉంటుంది. అందులో నీళ్ళు నింపి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస కూలీ చేతికిచ్చి అవతలి మూలకు పంపిస్తాడు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ పెన్సిల్ గీత పడుతుంది. లెవెల్ ట్యూబు అంటారు దాన్ని. రెండు సిలిండర్ల మోటార్‌సైకిల్‌కు థ్రాటిల్ బాడీలు సింక్ చేసే, అంటే రెండు సిలిండర్లకూ గాలి సమానంగా అందేలా సర్దే పరికరం కూడా అదే. నీళ్ళ బదులు నూనె పోస్తాం, కొసలు రెండూ ఇంజిన్‌కు తగిలిస్తాం, అంతే తేడా.

కాబట్టి పరికరం ఖరీదైనదని వెనకాడాల్సిన పని లేదు. కష్టమల్లా ఆ గొట్టం ఏం చెబుతోందో అర్థం చేసుకోవడంలో ఉంది. అది తెలియకుండా స్క్రూ తిప్పినవాళ్ళ బండ్లు ముందుకన్నా పాడైపోవడం నేను చూశాను. పెయింటు చుక్క పెట్టి కంపెనీ సీలు చేసిన స్క్రూని, ఏ గేజూ తగిలించకుండా, చెవితో విని తిప్పేసిన వర్క్‌షాప్ కూడా చూశాను. ఆ బండిని మళ్ళీ దారికి తేవడానికి రెండు ఆదివారాలు పట్టింది. అందుకే పని ఎలా చేయాలన్నదానికంటే, ఎందుకు ఆ వరుసలోనే చేయాలన్నది వివరంగా చెప్పాలనిపించింది.

రెండు తలుపులు, ఒకటే కేబులు

మన రోడ్ల మీద బాగా కనిపించే ఉదాహరణ తీసుకుందాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 బండ్లు 2018 నవంబరులో మన మార్కెట్లోకి వచ్చాయి. 648 సీసీ, పక్కపక్కనే రెండు సిలిండర్లు, ఒక్కోదానికీ విడిగా ఒక థ్రాటిల్ బాడీ. థ్రాటిల్ బాడీ అంటే గాలి వెళ్ళే గొట్టం, దాని మధ్యలో ఇరుసు మీద తిరిగే గుండ్రటి పలక. ఆ పలకనే బటర్‌ఫ్లై అంటారు. మనం యాక్సిలరేటర్ తిప్పితే కేబులు ఒకదాన్ని లాగుతుంది, లింకు ద్వారా రెండోదీ కదులుతుంది. రెండు తలుపులూ ఒకేసారి, ఒకే మేర తెరుచుకోవాలి.

పెట్రోలు ఎంత చిమ్మాలో ఈసీయూ (ఇంజిన్ను నడిపించే చిన్న కంప్యూటరు) లెక్కగడుతుంది. అయితే చాలా బండ్లలో ఒక్కో సిలిండర్‌లోకి వెళ్ళే గాలిని అది విడివిడిగా కొలవదు. థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ ఒకటి, గాలి ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సార్ ఒకటి ఇచ్చిన సమాచారంతో, రెండింటికీ సమానంగా గాలి అందుతోందన్న నమ్మకం మీద పెట్రోలు పంచుతుంది. ఆ నమ్మకం నిజమయ్యేలా చూడటమే సింక్. ఒక సిలిండర్‌కు గాలి ఎక్కువై, పెట్రోలు మాత్రం రెండింటికీ ఒకేలా వెళితే ఒకటి లీన్‌గా (పెట్రోలు తక్కువై), ఇంకోటి రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై) మండుతుంది. రెండు బెండ్ పైపులూ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వెళ్ళే గొట్టాలు) కలిసిన చోట ఒకే ఆక్సిజన్ సెన్సార్ ఉన్న బండిలో అయితే ఇంకా చిక్కు. అది సగటు చూసి అంతా బాగానే ఉందనుకుంటుంది.

ఈ తేడా బాధించేది స్లోలోనూ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు), థ్రాటిల్ కాస్త తెరిచి నెమ్మదిగా వెళ్ళేటప్పుడూ మాత్రమే. ఎందుకో చిన్న లెక్క చేస్తే తెలుస్తుంది. పూర్తిగా మూసినప్పుడు పలక గొట్టానికి సరిగ్గా అడ్డంగా నిలుస్తుందనుకుందాం. అప్పుడు పలక తిరిగిన కోణపు కొసైన్ విలువను 1లోంచి తీసేస్తే, గాలి వెళ్ళే సందు సుమారుగా ఆ నిష్పత్తిలో ఉంటుంది. ఒక పలక 2 డిగ్రీలు, ఇంకోటి 2.2 డిగ్రీలు తెరుచుకుందంటే, రెండోదాని సందు దాదాపు 21 శాతం పెద్దది. అదే 0.2 డిగ్రీల తేడా 45 డిగ్రీల దగ్గర 1 శాతం కూడా ఉండదు. పలక చుట్టూ తిరిగి వచ్చే బైపాస్ గాలి కూడా ఉంటుంది కనుక అసలు ఇంజిన్లో ఆ 21 కొంత తగ్గుతుంది, కానీ విషయం అదే. హైవే మీద 90లో వెళ్తున్నప్పుడు బండి హాయిగా ఉండి, ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకుతున్నప్పుడు కుదుపులు, అద్దాల వణుకు, థ్రాటిల్ వదిలితే సైలెన్సర్లో చిటపటలు వస్తుంటే సింక్ మీద అనుమానం రావడం సహజం.

కానీ అనుమానం మాత్రమే. ఈ లక్షణాల్లో ఒక్కటి కూడా సింక్‌కే పరిమితం కాదు. పైగా ఈ ఇంజిన్ విషయంలో చెవి తేలిగ్గా మోసపోతుంది. దీని క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 270 డిగ్రీలది. అంటే రెండు సిలిండర్లూ సమాన వ్యవధిలో పేలవు. ఒక పేలుడు తర్వాత 270 డిగ్రీలకు రెండోది, మళ్ళీ 450 డిగ్రీలకు మొదటిది. ‘దడ్‌దడ్... దడ్‌దడ్’ అంటూ తడబడినట్టు వినిపించే ఆ లయ దాని స్వభావం. దాన్ని మిస్సింగ్ అనుకుని స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్ళున్నారు.

చెవి పనికిరాకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. 1983లో రాజ్‌దూత్ 350 వచ్చిన నాటి నుంచీ మన మెకానిక్కులకు రెండు కార్బరేటర్లను జత చేయడం తెలుసు. కార్బరేటర్లలో గాలి దారి తెరిచే స్లైడులు రెండూ ఒకేసారి లేచేలా కేబులు సర్ది, మిగతాది చెవితో, సైలెన్సర్ దగ్గర అరచేతితో తేల్చేవారు. అది నిజమైన నైపుణ్యం. కానీ ఆ ఇంజిన్లో వాళ్ళు స్క్రూ తిప్పితే స్లో మారేది, చెవికి తెలిసేది. ఇప్పటి బండిలో మీరు గాలి తగ్గిస్తే, ఈసీయూ ఐడిల్ వాల్వు (స్లోలో పలక పక్కనుంచి గాలి పంపే వాల్వు) తెరిచి ఆ లోటు నింపి, ఆర్‌పీఎం మళ్ళీ ఉన్న చోటికే తెచ్చిపెడుతుంది. శబ్దంలో మార్పు అంతగా రాదు, సిలిండర్ల మధ్య తేడా మాత్రం అలాగే మిగిలిపోతుంది.

వాక్యూమ్ ఎక్కువంటే గాలి తక్కువ

కొబ్బరిబొండంలో స్ట్రా పెట్టి తాగుతూ స్ట్రాని వేళ్ళతో నొక్కి చూడండి. నీళ్ళు రావడం తగ్గుతుంది, బుగ్గలు లోపలికి పోతాయి. ఇంజిన్‌దీ అదే పరిస్థితి. పిస్టన్ కిందికి దిగుతూ గాలి లాగుతుంది. బటర్‌ఫ్లై ఎంత మూసి ఉంటే పలకకూ ఇన్‌టేక్ వాల్వుకూ మధ్య అంత వాక్యూమ్ పుడుతుంది. కాబట్టి వాక్యూమ్ ఎక్కువ చూపించే సిలిండరే తక్కువ గాలి అందుకుంటున్నది. నూనె గొట్టంలో ఆ వైపు నూనె పైకి లేస్తుంది. ఎక్కువ చూపించింది కాబట్టి దాన్ని ఇంకాస్త మూయాలి అనుకుని ఉల్టా తిప్పడం మొదటిసారి చేసేవాళ్ళకు మామూలే.

వాక్యూమ్ ఎంత ఉండాలన్న దానికి అందరికీ వర్తించే ఒకే అంకె లేదు. విశాఖ బీచ్ రోడ్డులో గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటే, సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో 710 దాటి కొంచెమే ఉంటుంది. ఒకే బండి రెండు చోట్లా వేర్వేరు అంకెలు చూపిస్తుంది. వేరొకరి గేజులో వచ్చిన అంకెను మీ గేజులో రప్పించాలని చూడకండి. మనకు కావాల్సింది కుడి ఎడమల మధ్య తేడా ఒక్కటే, దానికి ఊరి ఎత్తుతో నిమిత్తం లేదు.

ఇక అసలు విషయం. గేజు బటర్‌ఫ్లైని మాత్రమే కొలవడం లేదు. ఆ సిలిండర్ మొత్తాన్నీ కొలుస్తోంది. ఇన్‌టేక్ వాల్వు సరిగా కూర్చోకపోయినా, టాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు) తగ్గిపోయినా, పిస్టన్ రింగులు అరిగినా, ప్లగ్గు సరిగా కొట్టకపోయినా, ఇన్‌టేక్ రబ్బరు పగిలి పక్కనుంచి గాలి పీలుస్తున్నా వాక్యూమ్ పడిపోతుంది. తలుపులు రెండూ కచ్చితంగా ఒకే మేర తెరిచి ఉన్నా సరే, గేజులో తేడా వస్తుంది.

ఇప్పుడు మీరు నేరుగా సింక్ మొదలుపెట్టారనుకోండి. కుడి సిలిండర్లో టాపెట్ బిగుసుకుని వాక్యూమ్ తక్కువగా ఉంది. దాన్ని పెంచాలంటే ఆ వైపు తలుపు మూయాలి. మూశారు, గొట్టంలో మట్టాలు సమానమయ్యాయి. చేసిందేమిటి? అసలే బలహీనంగా ఉన్న సిలిండర్‌కు గాలి ఇంకా తగ్గించారు. జత ఎద్దుల్లో ఒకదానికి కాలు నొప్పిగా ఉంటే కాడి జరిపి బండి తిన్నగా నడిపించవచ్చు, కాలు మాత్రం అలాగే ఉంటుంది. ఇన్‌టేక్ రబ్బరు లీకు విషయంలో ఇంకో చిక్కు. లీకు గాలికి సరిపడా తలుపు మూసి స్లోలో సమానం చేస్తే, థ్రాటిల్ తెరిచిన కొద్దీ లీకు వాటా తగ్గి, మూసిన తలుపు తేడాయే మిగులుతుంది. స్లోలో బండి నున్నగా ఉంటుంది, కదలగానే కుదుపు మొదలవుతుంది.

అందుకే సింక్ అన్నిటికన్నా ఆఖరున. ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక టాపెట్లు. ఈ 650 ఇంజిన్లో సిలిండర్‌కు నాలుగు చొప్పున ఎనిమిది వాల్వులు, స్క్రూ–లాక్‌నట్ పద్ధతి కాబట్టి ఫీలర్ గేజూ (సందు కొలిచే పలచటి రేకులు) ఓపికా ఉంటే ఇంట్లోనే అవుతుంది. గ్యాప్ అంకెలు మాన్యువల్లో చూసే పెట్టండి. తర్వాత ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, యాక్సిలరేటర్ కేబులుకు ఉండాల్సిన కొద్దిపాటి లూజు. ఆ పైన లీకు పరీక్ష: బండి స్లోలో ఉండగా ఇస్త్రీకి వాడే నీళ్ళ స్ప్రేతో ఇన్‌టేక్ రబ్బర్ల మీద, గొట్టాల అతుకుల మీద కొద్దికొద్దిగా చల్లండి. నీళ్ళు పడగానే స్లో మారితే లీకు అక్కడే. కార్బరేటర్ క్లీనర్ కొట్టి పట్టుకునే పద్ధతి కూడా ఉంది గానీ, వేడెక్కిన బెండ్ పైపు పక్కన మండే ద్రవం చల్లమని నేను ఎవరికీ చెప్పను.

అనుభవంతో చెబుతున్నాను, ఇంతవరకూ చేసేసరికి సగం బండ్లకు సింక్ అవసరమే కనిపించదు.

గొట్టం కట్టుకోవడం

కావాల్సింది ఒక చెక్క, నాలుగైదు మీటర్ల సన్నటి పారదర్శక గొట్టం, కొంచెం టూ–స్ట్రోక్ ఆయిలు. అది రంగులో ఉంటుంది కాబట్టి కంటికి బాగా ఆనుతుంది. గొట్టాన్ని యూ ఆకారంలో చెక్కకు టేపుతో అంటించి, నిలువుగా కొలత టేపు ఒకటి అతికిస్తే పరికరం తయారు. చేపల తొట్టె సామాన్ల షాపులో గొట్టం, టీ జాయింట్లు దొరుకుతాయి. మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్ ఇంకా నయం. దాని మీద ఉండే చక్రం క్లిప్పు మనకు చాలా పనికొస్తుంది.

ఎందుకంటే 1200 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకు 10 సార్లు గాలి లాగుతుంది. అడ్డు లేకపోతే నూనె మట్టం ఆ లాగుళ్ళకు గజగజలాడుతూ ఉంటుంది, చదవడం కుదరదు. గొట్టాన్ని ఒకచోట ఇరుకు చేస్తే వణుకు అణిగి సగటు మట్టం నిలుస్తుంది. సెలైన్ క్లిప్పు చక్రాన్ని కొద్దిగా బిగిస్తే చాలు.

ఈ పరికరం ఎంత సూక్ష్మమైనదో చూడండి. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. కాబట్టి 1 మిల్లీమీటరు పాదరసం తేడా నీటిలో 13.6 మిల్లీమీటర్లుగా, నూనెలో సుమారు 15–16 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. రెండు థ్రాటిల్ బాడీల మధ్య 10 నుంచి 20 మిల్లీమీటర్ల పాదరసం దాకా తేడాను జపాన్ కంపెనీల మాన్యువళ్ళు మామూలుగా ఒప్పుకుంటాయి. 10 అంటే మన నూనె గొట్టంలో దాదాపు జానెడు. జానెడు తేడా కనిపించినా బండి కంపెనీ హద్దులోనే ఉండవచ్చన్నమాట. వేలెడు తేడా కోసం సాయంత్రమంతా స్క్రూతో కుస్తీ పట్టనక్కర్లేదు. పాత కాలపు పాదరసం గేజులు ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి. అది విషం, ఒలికితే ఇంట్లోంచి పోదు.

ఆ సూక్ష్మతలోనే ప్రమాదం కూడా ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. స్లోలో వాక్యూమ్ 250 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉందనుకుంటే, అది నీటిని 3.4 మీటర్ల ఎత్తుకు లాగగలదు. రెండు కొసలూ తగిలి ఉన్నంతసేపూ బలాలు ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఒక కొస ఊడిందా, గొట్టంలోని ద్రవమంతా క్షణంలో ఇంజిన్లోకి వెళుతుంది. ఈ ఇంజిన్లో ఒక్కో సిలిండర్ 324 సీసీ, కంప్రెషన్ 9.5కి 1. లెక్కేస్తే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 38 సీసీ. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లున్న గొట్టంలో రెండు మీటర్ల మేర ద్రవం ఉంటే అది 39 మిల్లీలీటర్లు. ద్రవం నలగదు. అంత ఒకేసారి లోపలికి వెళితే పిస్టన్ దాన్ని కొట్టి ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

కాబట్టి ఇంజిన్‌కూ నూనె గొట్టానికీ మధ్య, రెండు వైపులా, గట్టి సీసా ఒక్కోటి పెట్టాలి. మూతకు రెండు బెజ్జాలు చేసి, గొట్టాలు దూర్చి, గాలి పోకుండా అంటించండి. నూనె ఎగదన్నినా సీసాలోనే పడుతుంది. సన్నటి వాటర్ బాటిళ్ళు వాక్యూమ్‌కు నలిగిపోతాయి, గాజు సీసాలైతే మంచివి. నూనె మూడడుగుల మేర మించకుండా పోయండి. 3 మిల్లీమీటర్ల గొట్టంలో మీటరుకు 7 మిల్లీలీటర్లే పడుతుంది, సన్న గొట్టం మేలనడానికి ఇదీ ఒక కారణం.

గుండ్రటి డయల్ గేజులు రెండు కొనుక్కున్నవాళ్ళు ఒక్క పని చేయండి. టీ జాయింట్‌తో రెండింటినీ ఒకే సిలిండర్‌కు తగిలించి చూడండి. ఒకే అంకె చూపించకపోతే ఆ తేడా గేజులది. నూనె గొట్టంలో ఈ బాధ లేదు, రెండు వైపులా ఉన్నది ఒకటే నూనె.

పని రోజు

అపార్ట్‌మెంట్ సెల్లార్లో వద్దు. ఇంజిన్ అరగంట నడుస్తుంది, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఆరుబయట పెట్టండి. ఎదురుగా పెడస్టల్ ఫ్యాన్ పెట్టండి. గాలితో, ఆయిలుతో చల్లబడే ఈ ఇంజిన్ కదలకుండా నడిస్తే వేడెక్కిపోతుంది. ముందు నాలుగైదు కిలోమీటర్లు తిప్పుకొచ్చి మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే చల్లటి ఇంజిన్లో ఐడిల్ వాల్వు తెరిచి ఉండి లెక్కలు తారుమారవుతాయి. ట్యాంకు ఎత్తాల్సి వచ్చే బండ్లలో పెట్రోలు పైపు ఒత్తిడి సుమారు 3 బార్ ఉంటుంది, ఒత్తిడి తీసేయకుండా క్లిప్పు విప్పకండి.

ఇన్‌టేక్ వైపు చిన్న రబ్బరు టోపీలు తొడిగిన ముక్కులు ఉంటాయి, గొట్టాలు వాటికి తగలాలి. కొన్ని బండ్లలో అదే ముక్కు మ్యాప్ సెన్సార్‌కు కూడా వెళుతుంది. ఆ గొట్టం పీకేస్తే ఈసీయూకు గుడ్డితనం వస్తుంది, టీ జాయింట్ వేసి పంచుకోవాలి. బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బండ్లలో పెట్రోలు ఆవిరిని పట్టే కేనిస్టర్ నుంచి ఇన్‌టేక్‌కు ఒక గొట్టం వస్తుంది. అది తెరుచుకున్నప్పుడల్లా రీడింగ్ కదులుతుంది, పని అయ్యేదాకా దాన్ని నొక్కి ఉంచండి. క్లిప్పు చక్రాలు పూర్తిగా మూసి, బండి స్టార్ట్ చేసి, చక్రాలను నెమ్మదిగా తెరవండి.

మొదటి రీడింగ్ కాగితం మీద రాసుకోండి. స్లోలో ఒకటి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకటి. దేన్ని తిప్పాలో ఈ రెండు అంకెలే చెబుతాయి.

తిప్పే స్క్రూలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, రెండు బటర్‌ఫ్లైల ఇరుసులను కలిపే లింకు మీద ఉండేది. దాన్ని తిప్పితే ఒక పలక కోణమే మారుతుంది, కాబట్టి స్లోలోనూ, తెరిచినప్పుడూ రెండు చోట్లా ప్రభావం ఉంటుంది. రెండోది బైపాస్ ఎయిర్ స్క్రూ. పలకను కదల్చకుండా, దాని చుట్టూ తిరిగి వచ్చే సన్నటి గాలి దారిని మాత్రమే సర్దుతుంది, స్లో దాటితే దాని ప్రభావం దాదాపు ఉండదు. యమహా ఇంజిన్లలో ఈ రకం చూస్తాం. అక్కడ ఒక బాడీని ప్రమాణంగా పెట్టుకుని దాని స్క్రూ ముట్టుకోకుండా, మిగతావాటిని దానికి సరిపెడతారు. మీ బండిలో ఏది ఉందో మాన్యువల్ చూసి తేల్చుకున్నాకే చెయ్యి పెట్టండి. పెయింటు చుక్క ఉన్న స్టాప్ స్క్రూ (పలక ఎంతవరకు మూసుకోవాలో ఆపే స్క్రూ) జోలికి మాత్రం ఎప్పుడూ పోవద్దు. థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ సున్నా అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ స్క్రూ కదిలితే ఈసీయూ చూసే ప్రతి కోణమూ తప్పవుతుంది.

ఈ రెండు రకాల తేడా బాగా తెలిసేది బీఎండబ్ల్యూ పాత బాక్సర్ ఇంజిన్లలో. ఆర్ 1150 లాంటి వాటిలో సిలిండర్లు చెరో పక్కన ఉండటంతో థ్రాటిల్ బాడీలకు కేబుళ్ళు కూడా విడివిడిగా ఉంటాయి. స్లోలో సమానం చేయడానికి లావుపాటి ఇత్తడి బైపాస్ స్క్రూలు, థ్రాటిల్ తెరిచినప్పుడు సమానం చేయడానికి కేబుల్ అడ్జస్టర్లు. వాటిని నడిపేవాళ్ళు స్లో రీడింగ్ ఒక్కటి చూసి లేవరు. 2500 దగ్గరి రీడింగ్ రాసుకోమన్నది అందుకే. స్లోలో తేడా ఉండి 2500లో లేకపోతే బైపాస్ దారిలో కార్బన్ పేరుకుందేమో చూడండి, శుభ్రం చేస్తే చాలా వరకు సరిపోతుంది. రెండు చోట్లా తేడా ఉంటే లింకు. స్లోలో సరిగ్గా ఉండి 2500లో తేడా వస్తే, లింకు అరుగుదలో, ఎవరో లీకును స్క్రూతో కప్పిపెట్టడమో జరిగి ఉండాలి.

స్క్రూని పావు చుట్టు కూడా ఒకేసారి తిప్పకండి. గడియారం ముల్లు అయిదు నిమిషాలు కదిలినంత చాలు. తిప్పిన ప్రతిసారీ థ్రాటిల్ ఒకసారి విదిలించి వదలండి, పలకలు వాటి చోట కూర్చున్నాక మట్టం చదవండి. లాక్‌నట్ ఉంటే బిగించాక ఇంకోసారి చూడండి, బిగింపుకే కొంత జరుగుతుంది. హద్దులోకి వచ్చిందా, అక్కడ ఆపేయండి.

క్లిప్పు చక్రాలు మూసి, ఇంజిన్ ఆపి, గొట్టాలు తీసి, రబ్బరు టోపీలు మళ్ళీ తొడగండి. పగుళ్ళు కనిపిస్తే కొత్తవి వేయండి, స్ప్రింగ్ క్లిప్పులు మరవకండి. నొక్కి ఉంచిన కేనిస్టర్ గొట్టం వదలండి. తర్వాత బండి స్టార్ట్ చేసి, ఇందాకటి నీళ్ళ స్ప్రేతో ఆ రెండు టోపీల మీదా ఒకసారి చల్లండి. స్లోలో ఏ మార్పూ లేకపోతే ట్యాంకు బోల్టులు బిగించవచ్చు.